పెద్దమ్మాయి కళ్ళు మూసుకున్నాక

మా బావను అందరూ అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆయనది. ముందు గదిలో అమ్మాయిలు నవ్వుతూ ఫ్రేములు అమ్ముతుంటే, వెనక గదిలో ఈయన తడి సాన మీద అద్దాలు అరగదీస్తుంటాడు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి తెచ్చి, గాడిలో కూర్చోబెట్టి, గోటితో తట్టి, దీపానికి ఎదురుగా పెట్టి చూస్తాడు. ఆ గదికి కిటికీ లేదు. సాన మీది తెల్లటి పొడి కనుబొమల్లో పేరుకుని, ఇంటికొచ్చేసరికి పిండిమరలో పనిచేసి వచ్చినవాడిలా ఉంటాడు. మా వీధిలో సగం మంది ఈయన అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. ఆ లోకంలో ఈయన మాత్రం ఎవరికీ కనబడడు.

అలసట ఆయనకు ఒంటి రంగులాంటిది. కడిగితే పోదు. పెళ్ళినాడు చుట్టాలందరికంటే ముందు పెళ్ళికొడుకే నిద్రపోయాడని నేను చెబుతుంటాను. కొంచెం ఎక్కువ చేసి చెబుతానేమో గాని, ఆవులించడం మాత్రం కళ్ళారా చూశాను.

ఆయన భార్య నా చెల్లెలు. వాళ్ళు మేడ మీద, నేనూ మా ఆవిడా కింద. చెల్లెలు బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేది. ఆమె గొంతు విని, ఎక్కవలసిన బస్సు వదిలేసి, ఆమె చెప్పిన బస్సెక్కి, తెలియని ఊళ్ళో దిగి, అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినవాళ్ళున్నారని మా మనవలకు చెప్పాను. వాళ్ళు నమ్మారు. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని కాన్వెంటులో మదర్ మాకు చెప్పింది. రోజూ పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుంటాను. ఇంకా పడలేదు.

ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురి ముందూ బావ సరదాకి ఒక మాటన్నాడు. "మా ఆవిడ మైకులో మాట్లాడితే జలుబు చేసిన కోడి గుడ్డు పెట్టినట్టుంటుంది," అన్నాడు. అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆ పొద్దున్నే ఆమెను మైకు దగ్గర్నుంచి లేపేశారన్న సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. ఇకమీద రికార్డు చేసిన గొంతే బస్సుల కబుర్లు చెబుతుందట. ఆమె విచారణ కౌంటరులో కిటికీ వెనక కూర్చుని, అడిగినవాళ్ళకు మాత్రం జవాబు చెప్పాలట. ఆ మాట మొగుడితో చెప్పుకుందామని ఇంటికొచ్చి, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగుదామనుకుంది. ఈలోగా కోడి గుడ్డు పెట్టింది.

"అంత కష్టంగా ఉంటే వినకండి," అంది. ఆయనతో నేరుగా అన్న ఆఖరి మాట అదే. సంగతి తెలిసి ఆయన క్షమాపణ చెబుదామనుకునే లోపల వారం గడిచింది, తర్వాత నెల గడిచింది. అలిసిపోయిన మనుషులకు మౌనం కూడా అలవాటైపోతుంది.

కానీ ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు గ్యాసు అయిపోతుంది, చొక్కా గుండీ ఊడుతుంది, కుళాయి కారుతుంది. ఈ కబుర్లన్నీ మోయడానికి ఎవరో ఒకరు కావాలి కదా. ఆ పని తాబేలు నెత్తిన పడింది.

చెవుల దగ్గర ఎర్రచార ఉన్న తాబేలు అది. రంగు చేపలమ్మే దుకాణం మూసేస్తుంటే, రూపాయి బిళ్ళంత పిల్లను బావ తెచ్చి హాల్లో కిటికీ కింద తొట్టిలో వేశాడు. పిల్లల్లేని ఇల్లు. ఇద్దరూ దాన్ని పెద్దమ్మాయి అని పిలిచేవాళ్ళు. రెండో అమ్మాయి ఏదని ఎవరైనా అడిగితే, ఇంకా గుడ్డులోనే ఉంది, బయటికి రమ్మంటే సిగ్గుపడుతోంది అని నేను చెప్పేవాణ్ణి. మాట వినబడితే చాలు, పెద్దమ్మాయి మెడ చాపి ఒక కన్ను వాళ్ళ వైపు తిప్పేది. ఆ చూపు అందితే కబురు అందినట్టే.

"పెద్దమ్మాయీ, మీ నాన్నతో చెప్పు, కుళాయివాడు రేపు కూడా రాడట."

"పెద్దమ్మాయీ, మీ అమ్మనడుగు, నా నీలం చొక్కా ఏమైందో."

"తీగ మీద ఆరుతోందని చెప్పవే. కళ్ళజోళ్ళు చేసే మనిషికి తీగ కనబడలేదా అని కూడా అడుగు."

"కనబడింది గాని, దాని మీద చీర ఆరేసుందని చెప్పమ్మా."

ఇలా ఏళ్ళు గడిచాయి. తిట్లు, తీపి మాటలు, మందుల పేర్లు, కరెంటు పోయిన కబుర్లు, అన్నీ ఆ డిప్ప మీదుగానే వెళ్ళేవి. మా ఆవిడ దాన్ని పోస్టుమాస్టరమ్మ అనేది.

ఆ పోస్టుమాస్టరమ్మకు ఒక పొద్దున కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు రెండూ ఉబ్బి, ఉడికించిన శనగగింజల్లా ఉన్నాయి. బావ కంటికి భూతద్దం బిగించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"కన్ను నాకు తెలుసు బావా," అన్నాడు నాతో. "ఇది కంటి సమస్యే. నాలుగు చుక్కలు వేస్తే తగ్గిపోతుంది."

దుకాణం నుంచి మనుషుల కంటిచుక్కలు తెచ్చి వేశాడు. తగ్గలేదు. ఇంకో రకం తెచ్చాడు. పెద్దమ్మాయి తల పూర్తిగా లోపలికి లాక్కుంది. కనబడక, తిండి ఎక్కడుందో తెలియక, తినడం మానేసింది. పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. సాయంత్రం చెల్లెలు డ్యూటీ నుంచి వచ్చి తొట్టి పక్కన కూర్చుని, "పెద్దమ్మాయీ, మీ నాన్నతో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. వినడానికి అక్కడ డిప్ప తప్ప ఎవరూ లేరు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో చప్పుడు చేసింది కుళాయి ఒక్కటే.

మర్నాడు ఆ పోస్టు నాకు పడింది.

"అన్నయ్యా, దాన్ని డాక్టరుకి చూపించారా అని ఆయన్నడుగు."

మెట్లెక్కాను. "బావా, డాక్టరుకి చూపించావా?"

"ఇవాళ తీసుకెళ్తానని చెప్పు."

మెట్లు దిగాను. ఆమె అప్పటికి మా వంటింట్లో మా ఆవిడతో మాట్లాడుతోంది. "ఏ డాక్టరో అడుగు."

మళ్ళీ మెట్లు. నా మోకాళ్ళు చప్పుడు చేస్తున్నాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "తాబేలు ఉద్యోగం మీకు బాగా నప్పింది. నడక కూడా సరిగ్గా కుదిరింది," అంది. రెండో రోజుకల్లా విసుగొచ్చి కబుర్లకు కాస్త తాలింపు వేశాను. ఆమె నిన్ను తలుచుకుని ఏడుస్తోంది అని ఆయనకు చెబితే, "నన్నా? ఎందుకూ?" అని భయపడిపోయాడు. అబద్ధమని తేలాక ఇద్దరూ నాతో కూడా మాట్లాడడం మానేసేంత పనైంది. అప్పట్నుంచి ఉన్నది ఉన్నట్టే మోశాను. నిజం మోయడం ఎంత బరువో అప్పుడే తెలిసింది.

డాక్టర్ల వేట మొదలైంది. బావ ఒంటరిగా వెళ్ళలేనంటే నేనూ కాలికి బలపం కట్టుకున్నాను. పాత కళ్ళజోళ్ళ పెట్టెకు చిల్లులు పొడిచి, తడి తువ్వాలు పరిచి, అందులో పెద్దమ్మాయిని పెట్టుకున్నాం.

మొదట కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళాం. బావకు తెలిసిన డాక్టర్లందరూ కంటి డాక్టర్లే మరి. ముందు బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ తలెత్తకుండా పేరడిగింది. పెద్దమ్మాయి అన్నాడు బావ. వయసెంతని అడిగింది. నూటపది అన్నాను నేను. ఆవిడ తలెత్తి, పెట్టె చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది. డాక్టరు మంచివాడే. లోపలికి పిలిచి పెట్టె మూత తీసి చూశాడు.

"అద్దాలాయనా, దీనికి అక్షరాల చార్టు చదివించమంటావా?"

"కళ్ళు కళ్ళే కదండీ డాక్టరుగారూ."

"ఎవరి కళ్ళు వాళ్ళవయ్యా. నాకు మనుషులవే సగం తెలుసు. నువ్వు ఆ చుక్కలు ఆపెయ్యి. ఇంకేదైనా అయితే నీకే బాధ."

అక్కణ్ణుంచి పశువుల ఆసుపత్రి. బయట చెక్క బెంచీ మీద దూడ తాడు పట్టుకుని ఒకాయన కునుకుతున్నాడు. దూడ ఆయన చొక్కా జేబు నములుతోంది. లోపల డాక్టరు చేతులు కడుక్కుంటూ మమ్మల్ని చూశాడు.

"తాబేలా? ఇక్కడ పాలిచ్చేవాటినీ మొరిగేవాటినీ చూస్తాం."

"ఇది రెండూ చెయ్యదండీ," అన్నాను.

"అదే చిక్కు. మొరిగితే ఎక్కడ నొప్పో తెలిసేది."

పెంపుడు జంతువుల ఆసుపత్రి ఒకటుందంటే బస్సు మారి వెళ్ళాం. గాజు తలుపులు, చల్లగాలి, స్వెట్టరు వేసుకున్న కుక్క. మా బావకు స్వెట్టరు లేదు, వణికాడు. అక్కడి కుర్రడాక్టరు పెట్టెలోకి ఒకసారి చూసి, మూత మెల్లగా వేసేశాడు. ఇలాంటి వాటి గురించి పరీక్ష కోసం చదివాననీ, పరీక్ష అయ్యాక మరిచిపోయాననీ, తెలియని మందు వేసి చంపలేననీ చెప్పాడు. అంత నిజం చెప్పినవాణ్ణి ఏమంటాం? నమస్కారం పెట్టి వచ్చేశాం.

దారిలో ఇంకో రంగు చేపల దుకాణం కనబడితే అక్కడా ఆగాం. అక్కడ కుర్చీలో కూర్చున్నాయన నీలిమందు సీసా తీశాడు. "చేపలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇదీ నీళ్ళల్లో ఉండేదే కదా!"

"నీ లెక్కన పడవలకి కూడా వెయ్యొచ్చు," అని బావ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆయన అప్పటికే సీసా వైపు చెయ్యి చాపాడు. అలసిపోయినవాడికి ఏ సీసా అయినా మందులాగే కనబడుతుంది.

రోజులు గడిచాయి. బావ పనికి వెళ్ళి, సాయంత్రం పెట్టె పట్టుకుని నాతో బయల్దేరేవాడు. పెద్దమ్మాయి బరువు తగ్గుతున్నట్టు ఆయన చేతికి తెలుస్తోంది. "అద్దం ఎంత పలచబడిందో చేతికి తెలుస్తుంది బావా," అన్నాడు ఒకసారి. "ఇది పలచబడుతోంది." ఆ పైన అనని మాట నాకు తెలుసు. ఇది పోతే ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు మిగులుతారు, మాట మిగలదు.

ఒక రోజు ఎవరో చెప్పిన ఇంకో డాక్టరు కోసం ఊరి అవతలి కొసకు వెళ్ళాం. ఇంటికి తాళం. పక్కింటావిడ, ఆయన గుర్రాల డాక్టరు, ఆయనా లేడు, గుర్రాలూ లేవు అంది. తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. బస్‌స్టేషన్‌లో దిగేసరికి ఇద్దరి కాళ్ళూ మావి కావు. ఒక బెంచీ చూసుకుని కూలబడ్డాం. చెల్లెలి కౌంటరు అవతలి వైపు, జనానికి అవతల. అక్కడికి వెళ్ళే ఓపిక లేదు. పైన గొట్టం లోంచి రికార్డు గొంతు బస్సుల పేర్లు చదువుతోంది, తడి లేకుండా, ఊపిరి తీసుకోకుండా.

ఆ గొంతు మధ్యలో టక్కున ఆగింది. గరగర చప్పుడు. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. తాబేలుకు వైద్యం చేసే డాక్టరు గురించి ఎవరికైనా తెలిస్తే దయచేసి విచారణ కౌంటరు దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాం."

పళ్ళబండి దగ్గర బేరం ఆగిపోయింది. ఒక పసివాడు, అమ్మా తాబేలంట అన్నాడు.

"తాబేలు కళ్ళు తెరవడం లేదు. తిండి తినడం లేదు. మళ్ళీ చెబుతున్నాను..."

మళ్ళీ చెప్పింది. రెండోసారి కూడా ఒక్క అక్షరం జారలేదు. బావ కళ్ళజోడు తీశాడు. చొక్కా కొసతో తుడిచాడు. పెట్టుకుని మళ్ళీ తీశాడు.

"జలుబేం లేదు," అన్నాడు.

"ఏమిటీ?"

"గొంతులో. జలుబేం లేదు."

ఆయన లేచి జనంలోంచి కౌంటరు వైపు నడిచాడు. పెట్టె గుండెకు ఆనించుకుని, నా కోసం ఆగకుండా నడిచాడు. నేను వెనక కుంటుకుంటూ వెళ్ళేసరికి అక్కడ గొడవగా ఉంది. పైఅధికారి చెల్లెలి మీద అరుస్తున్నాడు. మైకు తప్పిపోయిన పిల్లల కోసమే ముట్టుకోవాలట.

"ఇదీ పిల్లే సార్," అంది చెల్లెలు.

"పిల్లా? తాబేలు పిల్లా?"

"మా పెద్దమ్మాయండీ," అన్నాడు బావ కిటికీ బయట నుంచి. ఆ పెద్దమనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంకోసారి జరిగితే ఊరుకోనని చెప్పి వెళ్ళిపోయాడు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన పెట్టె వైపు, ఆమె టికెట్ల రేట్ల బోర్డు వైపు.

అప్పుడు ఒక డ్రైవరు వచ్చాడు. మెడలో తువ్వాలు, చేతిలో టీ గ్లాసు.

"తాబేలు మీదేనా? పేపరు మిల్లు దాటాక, నా బస్సు ఆఖరి స్టాపులో ఒక డాక్టరమ్మ ఉంది. పాములు, పక్షులు అన్నీ చూస్తుంది. మొన్న సీటు కింద పాము దొరికితే ఆమెకే ఇచ్చాను."

"పాము టికెట్టు తీసుకుందా?" అడిగాను.

"తీసుకుంది. దిగమంటేనే దిగలేదు," అన్నాడు. ఆ మనిషి నాకు నచ్చాడు.

మర్నాడు చెల్లెలు డ్యూటీ మార్చుకుంది. ముగ్గురం ఆ బస్సే ఎక్కాం. ముందు సీట్లో ఆమె, వెనక సీట్లో ఆయన, మధ్యలో నిలబడి నేను.

"అన్నయ్యా, పెట్టెకి ఎండ తగులుతోందేమో చూడమను."

"బావా, ఎండ."

"తగలడం లేదని చెప్పు."

కండక్టరు నా వైపు జాలిగా చూసి, "వాళ్ళకి వినబడుతూనే ఉంది కదా సార్?" అన్నాడు.

"వినబడుతుంది బాబూ. అందదు," అన్నాను.

డాక్టరమ్మ ఇల్లు సగం ఇల్లు, సగం ఆసుపత్రి. వరండాలో రెక్కకు కట్టు కట్టిన కాకి ఒకటి మమ్మల్ని తిట్టింది. డాక్టరమ్మ రబ్బరు చెప్పులతో వచ్చింది. ఆమె కళ్ళ కింద చారలు చూస్తే రాత్రి నిద్ర లేదని తెలుస్తోంది. పెద్దమ్మాయిని అరచేతిలో పట్టుకుని, తూచి, రెప్ప మీద తడిదూది అద్ది, నోరు తెరిచి చూసింది.

"కళ్ళకి ఏమీ కాలేదు," అంది.

బావ ముఖం పాలిపోయింది. "కళ్ళకేనండీ. నేను కళ్ళజోళ్ళ పనిలో..."

"వాచింది రెప్పలు. చెడింది తిండి. ఏం పెడుతున్నారు?"

"పొద్దున నేను ఎండు రొయ్యలు వేస్తానండీ."

"సాయంత్రం నేను గుడ్డు తెల్లసొన, రొట్టెముక్క," అంది చెల్లెలు.

"మరి ఆకులు? క్యారెట్టు, గుమ్మడి? పచ్చనిదీ ఎర్రనిదీ ఎవరు పెడతారు?"

కాకి కూడా నోరు మూసుకుంది.

"అవి ఆవిడ పెడుతుందనుకున్నాను," అన్నాడు బావ నా వైపు తిరిగి. "రోజూ ఆకుకూర కాడలు గిన్నెలోకి విడిగా తీస్తుంది. దానికోసమేననుకున్నా."

"అవి పూలకుండీల్లోకి అన్నయ్యా! ఆయన ఇద్దరికి సరిపడేదానికంటే ఎక్కువ ఆకుకూర తెస్తారు. దానికి వేయగా మిగిలింది నాకిస్తున్నారనుకున్నా."

"నాకు కొలత తెలియక ఎక్కువ తెస్తానని చెప్పు బావా."

డాక్టరమ్మ పెద్దమ్మాయిని బల్ల మీద పెట్టింది. "మీరిద్దరూ ఒకింట్లోనే ఉంటారా?"

"ఒకిల్లేనండీ," అన్నాను నేను. "మధ్యలో పోస్టాఫీసు మూతపడింది."

ఆమె నవ్వలేదు. విటమిన్ ఏ లేక రెప్పలు వాచాయనీ, లోపల చీము గడ్డ కట్టిందనీ, చూపు మూసుకుపోయి తిండి మానేసిందనీ చెప్పింది. చాలా కాలంగా జరుగుతున్నదట. ఇంట్లో అందరి కబుర్లూ మోసింది గాని, తన ఆకలి కబురు మోసేవాళ్ళు దానికి దొరకలేదు. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. బావ కూర్చోవడానికి కుర్చీ కోసం చూసి, కాకి దాని మీదికి ఎక్కి ఉంటే నిలబడే ఉన్నాడు.

"బతుకుతుందా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"చెప్పలేను. కళ్ళు తెరుచుకుంటే తింటుంది, తింటే బతుకుతుంది. ఒక చిన్న సూది వేస్తాను. ఎక్కువ వేస్తే అదే విషం. మిగతాది మీ చేతుల్లో. ఒకరు తల బయటికి పట్టుకోవాలి, ఇంకొకరు రెప్పలు తుడిచి మందు రాయాలి. ఒక్కరితో అయ్యే పని కాదు."

"నేనున్నాను కదండీ," అన్నాను.

ఆమె నా చేతి వైపు చూసింది. "మీ చెయ్యి వణుకుతోంది తాతగారూ."

ఇంటికొచ్చాక సాయంత్రం మందు పెట్టే వేళకు నన్ను పైకి పిలిచారు. తొట్టి పక్కన గోరువెచ్చటి నీళ్ళు, దూది, మందు గొట్టం. బావ పెద్దమ్మాయి మెడ రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, సన్నటి అద్దాన్ని పట్టుకున్నట్టు.

"అన్నయ్యా, కొంచెం గట్టిగా పట్టుకోమను."

"బావా, కొంచెం గట్టి..."

నా మాట పూర్తయ్యేలోగా తల లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రావడానికి ఎదురుచూశాం. వచ్చింది. పట్టుకున్నాడు. చెల్లెలు దూది ముంచింది.

"అన్నయ్యా, వెలుగు వైపు తిప్ప..."

మళ్ళీ లోపలికి. చెల్లెలి చేతిలో దూది నీళ్ళు కారుస్తోంది. మూడోసారి తల బయటికి వచ్చేసరికి ఆమె నా వైపు చూడనే లేదు.

"గట్టిగా పట్టుకోండీ!"

ఆ అరుపు బస్‌స్టేషన్‌లో అయితే ఆఖరి ప్లాట్‌ఫారం దాకా వినబడేది. బావ ఉలిక్కిపడి పట్టుకున్నాడు.

"పట్టుకున్నా."

"వదలకండి."

"వదల్లేదు."

"ఇటు తిప్పండి. ఇంకొంచెం. ఆగండి."

"నొప్పి పుడుతోందేమో."

"పుడుతుంది. పట్టుకోండి."

రెప్ప కింద నుంచి బియ్యపుగింజంత గడ్డ బయటికి వచ్చింది. ఆమె దాన్ని దూదితో తీసి, మందు రాసి, "ఇప్పుడు వదలండి," అంది. వదిలాడు. ఇద్దరి చేతులూ ఒకే తువ్వాలుతో తుడుచుకున్నారు. నన్ను ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనలేదు. మెట్లు దిగి వచ్చి పడుకున్నాను.

ఆ తర్వాతి రోజులు తేలికగా ఏమీ గడవలేదు. పెద్దమ్మాయి కళ్ళు తెరవలేదు. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, పట్టుకోండి, వదలండి, అంతే మాటలు. మందు అయ్యాక మళ్ళీ మౌనమే. బావ సాన మీద కునికి ఒక అద్దం పగలగొట్టాడు. చేయి తెగలేదు గాని, ఆ దుకాణంలో ఆయన చేతిలో అద్దం పగలడం అంతకుముందు ఎవరూ చూడలేదట. చెల్లెలు కౌంటరులో ఒకరు ఉత్తరం వైపు వెళ్ళే బస్సడిగితే దక్షిణం వైపు పంపింది. ఇది మాత్రం నేను అల్లింది కాదు. ఒక సాయంత్రం మెట్ల మీద ఎదురైనప్పుడు, "అన్నయ్యా, పోతుందేమో," అంది. నేను ఏ కథా చెప్పకుండా ఆమె చేతిలోని సంచి అందుకుని ముందు మెట్లెక్కాను.

ఎడమ కన్ను ముందు తెరుచుకుంది. గీత అంతే, అందులో నల్లటి చుక్క. చెల్లెలు క్యారెట్టు తురుము వేలి కొసన పెట్టి చూపించింది. పెద్దమ్మాయి చాలాసేపు చూసింది. మెడ చాపి, వేలితో సహా కరిచింది.

"అబ్బా! కరిచిందండీ! కరిచింది!"

"ఏదీ, చూడనీ!"

ఆమె రక్తం కారే వేలు చూపించిందట. ఆయన ఆ వేలు దీపానికి ఎదురుగా పెట్టి, అద్దాన్ని చూసినట్టు చూశాడట. కింద ఉన్న మాకు వాళ్ళ నవ్వులు వినిపించాయి. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇంకేముంది, మళ్ళీ తాబేలు ఉద్యోగం తాబేలుకు దొరికింది, నాకు విశ్రాంతి అనుకున్నాను. రెండు కళ్ళూ తెరుచుకుని, పిలిస్తే మెడ చాపేదాకా వచ్చాక, పోస్టాఫీసు తెరుచుకుంటుందనే అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

సెలవు రోజు మధ్యాహ్నం. తిని, చాప పరుచుకుని, కళ్ళు మూశాను. పైన మొదలైంది.

"సన్నగా తురమమంటే దుంగలు నరికారేమిటండీ?"

"దుంగలా? నీకు పవరు పెరిగింది. దుకాణానికి రా, చూస్తా."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఈ మొహం చూసి కూడా చెడలేదంటే గట్టి కళ్ళే."

"చూశావా? ఎప్పుడు చూశావు? తొట్టి వైపు తిరిగే కదా మాట్లాడావు!"

"మరి మీరు? చొక్కా కావాలంటే తాబేలునడుగుతారా ఎవరైనా?"

"నువ్వే మొదలుపెట్టావు!"

"నేనా? నేనా?"

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే తీశారు. ఏళ్ళ తరబడి తాబేలు ద్వారా పంపలేక దాచుకున్నవన్నీ, పెద్ద పెట్టె తెరిచి బట్టలు విసిరినట్టు విసురుకున్నారు. ఎప్పుడో చుట్టాలింట్లో ఆయన గొడుగు మరిచిపోవడం. ఎప్పుడో ఆమె ఆయన చెప్పులు బాగుచేయిస్తానని తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేసి రావడం. ఇద్దరివీ మంచి గొంతులే. ఒకరు సాన చప్పుడు మీద మాట్లాడి అలవాటు పడ్డవాడు, ఇంకొకరు బస్సుల చప్పుడు మీద. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. పెద్దమ్మాయి తల లోపలికి లాక్కునే ఉంటుంది, పాపం.

మా ఆవిడ వచ్చి నన్ను కుదిపింది. "వెళ్ళి ఆపండి. పరువు పోతోంది."

"ఎన్నాళ్ళకి మొదలైందో, నన్నాపమంటావా?"

"మరి మీ నిద్ర?"

దిండు చెవుల మీద పెట్టుకున్నాను. లాభం లేదు. పైన గొడుగు సంగతి ముగిసి, వంటింట్లో సబ్బు అంత త్వరగా ఎవరు అరగదీస్తున్నారన్న సంగతి మొదలైంది. అది ఇప్పట్లో తేలేది కాదు. లేచి, చాప చుట్టి చంకలో పెట్టుకుని, ఎక్కడైనా నీడ ఉన్న చోటు వెతుక్కుంటూ బయటికి నడిచాను.